అపశకునం పలికే క్రియ: చిత్తూరు సీమ చరిత్రలో ఒక అనువాద సమస్య

ఆంగ్ల చరిత్ర గ్రంథాలను తెలుగులోనికి అనువదించే వారికి తరచుగా ఎదురయ్యే క్రియలలో ‘ఫోర్‌బోడ్’ ఒకటి. ‘పోర్టెండ్’, ‘ప్రిసేజ్’, ‘ఆగర్’ అనేవి దాని సోదర పదాలు. రానున్న కీడును ముందుగా తెలుపుట అన్నది దీని స్థూలార్థం. ఇందుకు తెలుగులో ‘సూచించు’, ‘శకునమగు’, ‘కీడు తోచు’ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. మూడూ సరైన మాటలే గాని, మూడింటి అర్థమూ ఒకటి కాదు. మొదటిది సాక్ష్యానికి సంబంధించినది, రెండవది నమ్మకానికి, మూడవది మనోభావానికి. ఆంగ్ల క్రియ ఈ మూడింటినీ ఒకే గూటిలో పెట్టుకుంటుంది. తెలుగు అనువాదకుడు మాత్రం ఏదో ఒకదానిని ఎన్నుకోక తప్పదు. ఆ ఎంపికలో పొరపాటు జరిగితే భాషతో పాటు చరిత్ర కూడా దెబ్బ తింటుంది. ముస్లిం పాఠకునికైతే అది తౌహీద్‌కు సంబంధించిన ప్రశ్న కూడా అవుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి చిత్తూరు సీమ ఎంతో అనువైన ప్రాంతం. హైదర్ అలీ కన్నుమూసింది ఈ నేల మీదనే. ఆయన వంశ చరిత్ర పారశీ, మరాఠీ భాషల నుండి ఆంగ్లంలోనికి, అక్కడి నుండి తెలుగులోనికి ప్రయాణించింది. ఆ ప్రయాణంలో శకునాలు కూడా వెంట వచ్చాయి.

మూడు భాషలలో ఒకే పక్షి

ముందుగా పదాల పుట్టుకను చూడాలి. ‘బోడ్’ అనే ధాతువు ప్రాచీన ఆంగ్లంలో దూత, ప్రకటన అనే అర్థాలు గల పదాల నుండి వచ్చింది. దానికి ‘ముందు’ అనే ఉపసర్గ చేరగా ముందుగా వచ్చి వార్త చెప్పడం అన్న భావం ఏర్పడింది. ‘ఆగర్’ అన్నది ప్రాచీన రోమ్‌లో పక్షుల రాకపోకలను చూసి దైవాభిమతాన్ని ప్రకటించే పురోహితుని బిరుదు. శుభకరమని అర్థమిచ్చే ‘ఆస్పీషియస్’ అనే మాటలో కూడా ‘పక్షిని చూడటం’ అన్న లాటిన్ అర్థమే దాగి ఉంది.

అరబీలో తైర్ అంటే పక్షి. అపశకునం పాటించడాన్ని తియరా అంటారు. అదీ ఆ ధాతువు నుండి వచ్చినదే. అజ్ఞాన కాలపు అరబ్బులు ప్రయాణానికి బయలుదేరుతూ పక్షిని ఎగరగొట్టేవారు. అది కుడివైపు పోతే సాగిపోయేవారు; ఎడమవైపు పోతే ఇంటికి తిరిగివచ్చేవారు. ఇక సంస్కృతం నుండి తెలుగులోనికి వచ్చిన ‘శకునం’ అన్న మాటకు కూడా మొదటి అర్థం పక్షి. పక్షులు కాపాడిన శిశువు కనుకనే శకుంతలకు ఆ పేరు వచ్చిందని కథ. రోమ్, అరేబియా, భారతదేశం ఒకదానినొకటి అడగకుండానే ఒకే పక్షి రెక్కల మీద తమ భయాలను ఎక్కించాయి.

ఐతే వ్యాకరణంలో ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఆంగ్ల వాక్యంలో ‘ఫోర్‌బోడ్’ క్రియకు సాధారణంగా కాకి కర్త అవుతుంది, తోకచుక్క కర్త అవుతుంది. అంటే తెలివిలేని వస్తువు భవిష్యత్తును పలుకుతుంది. అరబీలోని ‘తతయ్యర’ క్రియకు కర్త మానవుడు. పక్షి ఏమీ చెప్పదు. మనిషే దాని నుండి కీడు తీసుకుంటాడు. దివ్య ఖుర్ఆన్ యాసీన్ సూరా 18వ ఆయతులో ఒక పట్టణవాసులు తమ వద్దకు వచ్చిన దైవసందేశహరులనే అపశకునంగా భావించామని అంటారు. అక్కడ భావించినవారు వారే, కర్తలూ వారే. తరువాతి ఆయతులో ఆ సందేశహరులు, వారి శకునం వారి వద్దనే ఉందని సమాధానమిస్తారు. అరబీ మూలంలో ఆ చోట ఉన్నది ‘పక్షి’ అనే మాటే. తెలుగులో ‘శకునం’ అని అనువదిస్తే ఆ పక్షి కూడా తనంత తానుగా నిలిచిపోతుంది. ఆంగ్లానికి లేని సౌలభ్యం ఇక్కడ తెలుగుకు ఉంది. రాయలసీమకు 1928లో ఆ పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావుగారే తెలుగులో ఖుర్ఆన్ అనువాదానికి తొలి బాట వేసినవారు కావడం ఈ సందర్భంలో స్మరించదగినది.

నరసింగరాయనిపేట, 1782

1780 జూలైలో హైదర్ అలీ మహాసైన్యంతో కర్ణాటక రాజ్యంలోనికి దిగాడు. ఆ సెప్టెంబరులో పొల్లిలూరు వద్ద బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. మరుసటి సంవత్సరం పోర్టోనోవో, షోలింగూరు యుద్ధాలలో హైదర్ వెనుకంజ వేయవలసివచ్చింది. 1782లో చంద్రగిరి కోట మైసూరు వశమైంది. అంతవరకు అది ఆర్కాటు నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతిలో ఉండేది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధి వరకు ఆ కోట మైసూరుదే.

అదే 1782 చివర హైదర్ వీపుపై పుండు లేచింది. తెలుగువారు దానిని రాచపుండు అంటారు. డిసెంబరు 7వ తేదీన, హిజ్రీ 1196 ముగిసి 1197 ప్రవేశిస్తున్న వేళ, చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట విడిదిలో ఆయన మరణించాడు. పెద్ద కుమారుడు టిప్పు ఆ సమయంలో మలబారు తీరాన పొన్నాని ప్రాంతంలో యుద్ధం చేస్తున్నాడు.

ఇటువంటి ఘట్టం శకున కథలకు సారవంతమైన నేల. ప్రభువు మరణించాడు, వారసుడు దూరాన ఉన్నాడు, శత్రువు ఎదురుగా ఉన్నాడు. ఐనా ఆ విడిదిలో పనిచేసినది తద్బీర్, అనగా ముందుచూపుతో కూడిన యోచన. పూర్ణయ్య, కృష్ణారావు మొదలైన అధికారులు మరణవార్తను గుప్తంగా ఉంచారు. భౌతికకాయాన్ని పెట్టెలో ఉంచి, ధనాగారపు పెట్టె వలె కాపలాతో కోలారుకు పంపి, హైదర్ తండ్రి సమాధి వద్ద భద్రపరచారు. తరువాత దానిని శ్రీరంగపట్నానికి తరలించారు. సైన్యంలో రోజువారీ వ్యవహారాలు ప్రభువు బ్రతికి ఉన్నట్లే సాగాయి. చిన్న కుమారుడు అబ్దుల్ కరీంను గద్దెనెక్కించాలని కొందరు చేసిన పన్నాగం బయటపడి భగ్నమైంది. కొద్ది వారాలలో టిప్పు వచ్చి సైన్యాన్ని చేపట్టాడు.

ఇక్కడ ‘ఫోర్‌బోడ్’ క్రియకు సరైన తావు ఎక్కడ? ప్రభువు మరణవార్త వెల్లడైతే సైన్యం చెదిరిపోయే ప్రమాదం ఉందని అధికారులు గ్రహించారు. అది కారణాన్ని చూసి కార్యాన్ని ఊహించడం. దానిని తెలుగులో ‘ప్రమాదాన్ని సూచించింది’ అని రాస్తే తప్పు లేదు. అదే వాక్యంలో ‘అపశకునం’ అన్న మాట చేర్చితే పూర్ణయ్య వివేకం కాస్తా సోదెగా మారిపోతుంది.

హైదర్, టిప్పుల చరిత్రను తొలి తరంలో రాసినవారిలో ఒకరి పేరులోనే ఈ సీమ ఊరు ఉండటం గమనార్హం. రామచంద్రరావు పుంగనూరి అనే మైసూరు ఉద్యోగి మరాఠీలో రాసిన వృత్తాంతాన్ని సి.పి. బ్రౌన్ ఆంగ్లంలోనికి అనువదించగా అది 1849లో మద్రాసులో అచ్చయింది. కిర్మానీ పారశీలో రాసిన ‘నిషానె హైదరీ’ని కల్నల్ మైల్స్ అనువదించగా హైదర్ భాగం 1842లో లండన్‌లో వెలువడింది. కడపలో కొలువు చేసిన బ్రౌన్ తెలుగుతో పాటు పారశీ, హిందూస్తానీలు ఎరిగినవాడు. కచేరీల తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు ప్రత్యేక నిఘంటువే కూర్చినవాడు. ఒక చేతి నుండి మరొక చేతికి, ఒక భాష నుండి మరొక భాషకు మారే చరిత్రలో ప్రతి మజిలీ వద్దా క్రియాపదం మారే అవకాశం ఉందని ఈ ఉదంతాలు గుర్తు చేస్తాయి.

శ్రీరంగపట్నం, 1799

అపశకునాల కథ బలంగా నాటుకున్నది టిప్పు చివరి రోజున. 1799 మే 4, శనివారం. ఆ యుద్ధంలో కంపెనీ సైన్యపు సర్వేయరుగా పనిచేసిన అలెగ్జాండర్ బీట్సన్ 1800లో ప్రచురించిన గ్రంథంలో ఆ రోజు వృత్తాంతం ఉంది. ఆ దినం సుల్తానుకు మంచిది కాదని జ్యోతిష్కులు హెచ్చరించారు. సుల్తాను బ్రాహ్మణులకు దానాలు చేశాడు. వాటిలో ఏనుగు, నువ్వులు, నల్ల ఎద్దు, పాల గేదె, నల్ల మేక, నల్లని బట్ట, రొక్కం, ఇనుప పాత్రలో నూనె ఉన్నాయి. ఆ నూనె పాత్రను ఇచ్చే ముందు అందులో తన ముఖం నీడను చూసుకున్నాడు. ఇనుము, నువ్వులు, నూనె, నలుపు, శనివారం అన్న వరుసను వినగానే ఇది శనిగ్రహ శాంతి అని తెలుగు పల్లెలో ఎవరైనా చెప్పగలరు.

ఈ వృత్తాంతాన్ని పూర్తిగా కల్పన అని తోసిపుచ్చనవసరం లేదు. కన్నడ దేశంలో అన్ని మతాల ప్రజలను ఏలిన ప్రభువు కొలువులో ఇటువంటి ఆచారాలు ఉండటం వింత కాదు. ప్రశ్న వేరు. కోట ఎందుకు పడింది? మే 3 నాటికి కంపెనీ ఫిరంగులు గోడకు గండి కొట్టాయి. నిజాం సేనలు కంపెనీకి తోడుగా ఉన్నాయి. మధ్యాహ్నం ఎండవేళ, కావలి సడలిన సమయంలో బెయిర్డ్ నాయకత్వాన దాడి జరిగింది. ఫిరంగులు, సంఖ్యాబలం, కావలిలో లోపం, లోపలి ద్రోహం గురించిన ఆరోపణలు: ఇవి చరిత్రకారుడు తూచవలసిన కారణాలు. ‘అపశకునాలు ఆయన పతనాన్ని ముందే పలికాయి’ అని ఒక్క వాక్యం రాస్తే ఇవన్నీ పక్కకు తప్పుకుంటాయి. దాడి చేసినవారు బాధ్యులు కాకుండా పోతారు. ఓడినవాడు విధివంచితుడైన మూఢునిగా మిగిలిపోతాడు. విజేతలు రాసే చరిత్రకు ఈ క్రియ ఎంతో ఉపకరించే పనిముట్టు.

అదే మహలులో టిప్పు స్వహస్తాలతో పారశీలో రాసుకున్న స్వప్నాల పుస్తకం దొరికింది. అందులో 37 కలలు ఉన్నాయి. దానిని 1800లో బీట్సన్ ద్వారా కంపెనీ డైరెక్టర్లకు అందజేశారు. మంచి కలను శుభవార్తగా స్వీకరించడం ఇస్లామీయ సంప్రదాయంలో ఉంది. కలను, గ్రహశాంతిని, అపశకునాన్ని ఒకే గాటన కట్టి ‘మూఢనమ్మకాలు’ అని అనువదించడం సరి కాదు. వాటి మధ్యనున్న భేదాన్ని చూపడం అనువాదకుని కర్తవ్యం.

నూనెలో నీడ మన ఇంట కూడా

ఇంతవరకు చెప్పుకున్నది రాజుల కథ. సామాన్యుల ఇళ్ళలో పరిస్థితి ఏమిటి? ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లిముల ఆచారాలను వివరిస్తూ రాసిన ‘ఖానూనె ఇస్లాం’ను డాక్టర్ హెర్క్‌లాట్స్ అనువదించి 1832లో లండన్‌లో ప్రచురించాడు. అందులో సఫర్ నెల తొలి 13 దినాల గురించి ఉంది. వాటినే తేరా తేజీ అంటారు. ఆ దినాలు అరిష్టమని నమ్మి, మినుములు, బియ్యం, గోధుమలు, నువ్వులు పళ్ళెంలో పోసి, నడుమ నూనె గిన్నె ఉంచి, అందులో ముఖం చూసుకొని, ఆ తరువాత వాటిని దానమిచ్చే ఆచారాన్ని ఆయన వర్ణించాడు. శ్రీరంగపట్నపు ఇనుప పాత్రకూ ఈ గిన్నెకూ ఉన్న పోలికను వేరుగా చెప్పనవసరం లేదు. తేరా తేజీలో పెళ్ళిళ్ళు వాయిదా వేయడం, ప్రయాణాలు మానుకోవడం రాయలసీమ ఇళ్ళకు కొత్త కాదు.

శకునం చెప్పే సంప్రదాయాలకు ఈ సీమ పుట్టిల్లు వంటిది. ఎరుకలసాని చెప్పే సోదె ఇక్కడి పల్లెలకు సుపరిచితం. శ్రీనివాసుడే ఎరుకలసాని వేషాన ఆకాశరాజు ఇంటికి వెళ్ళి ఎరుక చెప్పాడని తిరుమల స్థలపురాణ కథ. ఎక్కడ ఏ ఉపద్రవం జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనడం రాయలసీమ అంతటా వాడుక. ఇదంతా పొరుగువారిని ఎత్తిపొడవడానికి చెప్పుకుంటున్నది కాదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అన్న సామెతను పుట్టించినవారూ ఈ జనమే. ముస్లిం పాఠకుడు వేసుకోవలసిన ప్రశ్న తన ఇంటిని గురించే.

అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) అపశకునం లేదని, హామ లేదని, సఫర్ లేదని స్పష్టం చేసినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. హామ అంటే చనిపోయినవారి నుండి పుట్టే పక్షి అనీ, గుడ్లగూబ అనీ వ్యాఖ్యాతలు వివరించారు. సఫర్ అంటే ఆ నెల పట్ల ఉన్న దురభిప్రాయమని పలువురు ఉలమా అన్నారు. అంటే తేరా తేజీకి జవాబు ఆ ఆచారం పుట్టడానికి ఎన్నో శతాబ్దాలకు ముందే వచ్చింది.

గ్రహణమూ, తండ్రి దుఃఖమూ

ఈ విషయంలో సీరత్ నుండి ఒక ఘట్టం అన్నింటికన్నా బలమైనది. హిజ్రీ 10వ సంవత్సరంలో ప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణన ప్రకారం అది 632 జనవరి 27. ఇబ్రాహీం మరణం కారణంగానే సూర్యుడు మసకబారాడని మదీనా ప్రజలు అనుకున్నారు. మరే నాయకునికైనా అంతకు మించిన అవకాశం ఉండదు. ఆ మాట ఆయన గౌరవాన్ని పెంచేదే గాని తగ్గించేది కాదు. కాని ప్రవక్త (స) ఆ మాటను నిలువనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలలో రెండని, ఎవరి చావు వలనగాని పుట్టుక వలనగాని వాటికి గ్రహణం పట్టదని బోధించి, నమాజు వైపు ప్రజలను మళ్ళించారు. బిడ్డ కోసం ఆయన కన్నీరు కార్చారు. ఆ కన్నీటికి ఆకాశాన్ని సాక్షిగా పిలవలేదు.

అపశకునం అన్న మాట వస్తువులతో ఆగదని, మనుషుల మీద పడుతుందని ఖుర్ఆన్ చూపుతుంది. ఫిరౌన్ జాతివారు తమకు కీడు కలిగినప్పుడు దానిని హజ్రత్ మూసా, ఆయన అనుచరుల అపశకునంగా లెక్కగట్టారని అల్ ఆరాఫ్ సూరా 131వ ఆయతు తెలుపుతుంది. సమూద్ జాతి హజ్రత్ సాలిహ్‌ను అలాగే నిందించిందని అన్ నమ్ల్ సూరా 47వ ఆయతు తెలుపుతుంది. ఎదురొచ్చిన వితంతువు, అత్తింట అడుగుపెట్టగానే మామ మరణించిన కోడలు, పుట్టిన నెలలోనే తండ్రిని కోల్పోయిన బిడ్డ: వీరిని ‘మన్హూస్’ అని పిలిచే నోరు ఫిరౌన్ కొలువులోని నోటికి దూరమేమీ కాదు.

మరి మనసులో కలిగే భయం సంగతి? ఆంగ్ల క్రియ నుండి పుట్టిన ‘ఫోర్‌బోడింగ్’ అనే నామవాచకానికి అర్థం అదే. కారణం తెలియని గుబులు. తమలో కొందరు శకునాలు పాటిస్తారని ముఆవియా బిన్ హకమ్ సులమీ (రజి) విన్నవించినప్పుడు, అది వారి ఎదలో కలిగే భావమని, అది వారిని పని నుండి ఆపకూడదని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. గుబులు కలగడాన్ని నేరంగా పరిగణించలేదు. దానికి లొంగి వెనుదిరగడాన్ని వారించారు. అదే సమయంలో మంచి మాటను శుభసూచనగా తీసుకోవడాన్ని ప్రవక్త (స) ఇష్టపడ్డారు. దానిని ఫాల్ అంటారు. హిజ్రీ 6లో హుదైబియా వద్ద సంధి కోసం సుహైల్ రాగా, ఆ పేరులో ‘సులభం’ అనే అర్థం ధ్వనిస్తున్నందున పని సులువవుతుందని ఆశ వ్యక్తం చేశారు. ఆశ మనిషిని ముందుకు నడుపుతుంది; అపశకునం ఇంట కూర్చోబెడుతుంది.

శకునం వేరు, సాక్ష్యం వేరు

ఇంతమాత్రాన హెచ్చరికలను లక్ష్యపెట్టనవసరం లేదని అర్థం కాదు. షామ్ దేశంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటు నుండి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపే వెళ్తున్నామని జవాబిచ్చారు. ఆయనను వెనుకకు మళ్ళించినది పక్షి కాదు, రోగం గురించిన రూఢి అయిన సమాచారం.

ఇటువంటిదే 2021 నవంబరులో తిరుపతి సమీపాన కనిపించింది. భారీ వర్షాలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు నిండి, కట్ట నుండి నీరు ఊరడం మొదలైంది. దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు, కట్టను బలపరచారు, చెరువు నిలిచింది. కట్టలో ఊట గండిని సూచిస్తుంది. ఇక్కడ ‘సూచించు’ అన్న క్రియ నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. ఆ రాత్రి కట్ట మీద గుడ్లగూబ అరచి ఉంటే, దానికీ గండికీ సంబంధం లేదు. ఊటను చూసినవాడు మట్టి బస్తా మోస్తాడు. గుడ్లగూబను విన్నవాడు నూనె గిన్నె వెతుకుతాడు.

కనుక అనువాదకుని ముందు మూడు దారులు ఉన్నాయి. కారణం, సాక్ష్యం ఉన్నచోట ‘సూచించింది’ అని రాయవచ్చు. మనసులోని గుబులును చెప్పవలసి వస్తే ‘మనసు కీడు శంకించింది’ అన్న చక్కని తెలుగు నుడికారం ఉంది. అందులో కర్త మనసే. నమ్మకాన్ని మాత్రమే చెప్పవలసిన చోట ‘జనులు అపశకునంగా భావించారు’ అని రాయాలి. అరబీ క్రియ చేసినట్లు మనిషిని కర్తగా నిలపాలి. కాకికీ, తోకచుక్కకూ, సఫర్ నెలకూ, విధవరాలికీ ఆ కర్తృత్వాన్ని అప్పగించరాదు.

నరసింగరాయనిపేట విడిదిలో ఒక రాజ్యాన్ని నిలిపినది యోచన. శ్రీరంగపట్నపు నూనె పాత్ర గోడలోని ఒక్క రాయినైనా నిలపలేకపోయింది. రాబోవు సఫర్ నెలలో ఏదో ఒక ఇంట పెళ్ళి ముహూర్తం గురించి చర్చ వస్తుంది. కొత్త కోడలి మీద ఎవరో ఒక మాట విసురుతారు. ఆ మాటలో కర్త ఎవరో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, ఆ ఇంటి పెద్దలకు జవాబు దొరుకుతుంది. సర్వం ఎరిగినవాడు అల్లాహ్ మాత్రమే.